వెండి పెళ్ళి నుంచి పరారీ

నాకు నడపడం వచ్చు. నడవడం రాదు. రెంటికీ తేడా ఒక్క అక్షరమేగా అనుకునేవాళ్ళు మా ఆవిడ వెనకాల మూడు రోజులు తిరిగి చూడండి.

నా పేరు మౌరిట్స్. జట్లండ్ సీమలో లిల్లో ఏటి పక్కనున్న హోల్ట్‌బీ అనే ఊళ్ళో ముప్పై ఏళ్ళుగా కారు నడపడం నేర్పుతున్నాను. మా ఊళ్ళో సగం మంది మొదటి గేరు వేసింది నా పక్కన కూర్చునే. వీధి చివరి తపాలా డబ్బాలో ఉత్తరం వెయ్యాలన్నా నేను కారు తీస్తాను. మా పెరటి వెనక ఏరు ఉందని తెలుసు. ఎంత దూరమో తెలియదు, అటు రోడ్డు లేదు కాబట్టి.

మా ఆవిడ థీరా దీనికి పూర్తిగా ఎదురు. ఊరి నడక సంఘానికి అధ్యక్షురాలు. ఏటి గట్టు కానీ, చేని గట్టు కానీ, గట్టు అనేది ఉంటే చాలు, దాని మీద ఆవిడ ఉంటుంది. ఆవిడది నడక, నాది పడక. ఈ ఒప్పందం మీద పాతికేళ్ళు సుఖంగా గడిచిపోయాయి.

అలా పాతికేళ్ళు గడవడమే నా కొంప ముంచింది.

పాతికేళ్ళు నిండితే వెండి పెళ్ళి. ముందు రోజు సాయంత్రమే జనం వచ్చి, మన తలుపు చుట్టూ దేవదారు కొమ్మలతో తోరణం కట్టి పోతారు. తెల్లారి ఏడింటికల్లా ఊరంతా వాకిట్లో దిగుతుంది. బూర ఊదుతారు, పాడతారు, జెండాలు ఊపుతారు. మనం రాత్రి బట్టల్లోనే బయటికి వచ్చి సిగ్గుపడాలి. ఆ తరువాత అందరికీ రొట్టెలు, జున్ను, కాఫీ, పరగడుపునే గొంతు మండించే చేదు సారా. పేరుకే వెండి పెళ్ళి, జరిగేది వండి పెట్టే పెళ్ళి.

వండి పెట్టడానికి నాకేం బాధ లేదు. నా బాధంతా ప్రసంగంతోనే. రొట్టెలు అయ్యాక భర్త అనేవాడు లేచి, భార్య గురించి నలుగురిలో నాలుగు మంచి మాటలు చెప్పాలి.

పెళ్ళినాడు ఒకసారి ప్రయత్నించాను. నూరు మంది నన్నే చూస్తున్నారు. నోరు తెరిచాను. "ముందు అద్దం సరిచూసుకోండి. మొదటి గేరు వేసి, క్లచ్ నెమ్మదిగా వదలండి," అన్నాను. అని కూర్చున్నాను. అప్పటినుంచి హోల్ట్‌బీలో ఎవరి పెళ్ళైనా సరే, పెళ్ళికొడుకు లేవగానే వెనక బల్ల నుంచి ఎవడో ఒకడు "క్లచ్ వదలవోయ్!" అని అరుస్తాడు.

థీరా ఆ రోజూ నవ్వింది. ఇప్పటికీ నవ్వుతుంది. కానీ పదేళ్ళ కిందట పక్కింటి ఎయ్‌నార్ తన వెండి పెళ్ళిలో అరగంట మాట్లాడి, ఊరందరినీ ఏడిపించి, చివరికి తనే వెక్కివెక్కి ఏడిచాడు. ఆ రోజు ఇంటికొచ్చి కోటు తగిలిస్తూ, "నాకు అరగంట అక్కర్లేదు మౌరిట్స్. అర నిమిషం చాలు," అంది. నేను వినపడనట్టు నా కోటు గుండీలు విప్పుతూ ఉండిపోయాను. ఆ కోటుకి గుండీలు లేవు, జిప్పు.

ఈ జూన్‌లో మా వంతు వచ్చింది. శనివారం. నెల ముందు నుంచీ నాకు నిద్ర లేదు. ఒకనాడు పొద్దున గడ్డం గీసుకుంటుంటే ఉపాయం తట్టింది. అసలు ఇంట్లో మనుషులే లేకపోతే వాకిట్లో ఎవరికి పాడతారు? థీరాను ఇల్లు కదిలించే ఎర ప్రపంచంలో ఒక్కటే ఉంది.

"థీరా, వెండి పెళ్ళికి నీకో బహుమతి ఇద్దామనుకుంటున్నాను," అన్నాను ఆ సాయంత్రం.

ఆవిడ బీట్‌రూట్ కోస్తోంది. కత్తి ఆగింది. "ఏం చేశావు?"

"ఏమీ చెయ్యలేదు."

"కారు గుద్దావా?"

"నేనా! మనిద్దరం లిల్లో ఏటి వెంట నడుద్దాం అంటున్నాను. గురువారం బయలుదేరితే శనివారానికి సముద్రం."

"నువ్వు?"

"నేనే."

"నడిచి?"

"నడిచి."

"కాళ్ళతో?"

"నాకున్నవి అవేగా."

ఆవిడ వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. బీట్‌రూట్ రసం అంటింది. "జ్వరం లేదే," అంది. "మరి శనివారం ఊరంతా వస్తుందిగా?"

"నాకు ముఖ్యం నువ్వు. ఊరు కాదు."

ఈ మాట చాలా బాగా వచ్చింది. నాకే ఆశ్చర్యం వేసింది. ఇలాంటిదే ఇంకో మూడు మాటలు వచ్చి ఉంటే ఈ తిప్పలే ఉండేవి కావు.

థీరా మళ్ళీ కత్తి అందుకుని, "సరే," అంది.

అంత తేలిగ్గా రావాల్సిన సరే కాదది. ముప్పై ఏళ్ళు రోడ్డు మీద బతికినవాణ్ణి, పచ్చ దీపం మరీ తొందరగా వెలిగితే అనుమానపడాలని తెలియదా? ఆ పూట తెలియలేదు.

మా వదిన డాగ్నీకి ఫోన్ చేశాను. థీరాకి అక్క, నడక సంఘానికి కార్యదర్శి. ఆవిడ గుసగుసలాడినా మూడు చేల అవతల గుర్రాలు తలెత్తి చూస్తాయి. ఊళ్ళో అందరూ మైకు డాగ్నీ అంటారు, ఆవిడ లేనప్పుడు. ఈ కబురు వింటే చెవి చిల్లు పడుతుందని ఫోను మూరెడు దూరంలో పెట్టుకున్నాను.

"అయ్యో మరిదీ, ఎంత మంచి ఆలోచన! వెళ్ళిరండి, వెళ్ళిరండి. మేమేమీ అనుకోం. ఏటి వంతెన దాకా నేనే కారులో దింపుతాగా!" అంది వదిన.

ఎయ్‌నార్ కూడా అంతే. "బూరకి నూనె రాసి తుడిచి పెట్టాను గానీ, పోనీలే మౌరిట్స్," అని నా భుజం తట్టాడు. మనుషులు ఇంత మంచివాళ్ళని నాకు అప్పటిదాకా తెలియదు.

గురువారం పొద్దున థీరా నా సంచి తెరిచింది.

"ఇదేమిటి?"

"తలగడ."

"ఇది?"

"ఇంకో తలగడ. మొదటిది తడిస్తే."

"ఈ మడత కుర్చీ?"

"ప్రకృతిని చూడ్డానికి."

"ప్రకృతిని నిలబడి చూడొచ్చు," అంది. కుర్చీ దిగింది, తలగడలు దిగాయి. రై రొట్టె, దాని మీద రాసుకునే కాలేయం ముద్ద, కాఫీ ఫ్లాస్కు, వాన కోటు ఎక్కాయి. పటం మాత్రం నేను వదల్లేదు. హోల్ట్‌బీ నుంచి సముద్రం దాకా ఎర్ర పెన్సిల్‌తో గీత గీసి, వెనక జేబులో పెట్టుకున్నాను. నా స్వాతంత్ర్యం ఆ గీత చివర ఉంది.

ఊరికి మూడు కిలోమీటర్ల దిగువన వంతెన. వదిన మమ్మల్ని దాని మీద దింపి, చెయ్యి ఊపి, ఎందుకో తెగ నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. మేము ఏరు దాటి, అవతలి గట్టున, నీళ్ళు పోయే వైపే నడక మొదలుపెట్టాము.

ఏరు తాగినవాడిలా నడుస్తుంది. రెండు అడుగులు ముందుకు, మూడు అడుగులు పక్కకు. అది ఎన్ని వంకర్లు తిరిగితే గట్టు అన్ని తిరుగుతుంది, గట్టుతో పాటు మా ఆవిడ, మా ఆవిడ వెనకాల నేను. కారులో పావుగంటలో పోయే దూరానికి పూట పట్టింది. బార్లీ చేలు గాలికి ఊగుతున్నాయి, రెల్లులో హంసలు పిల్లల్ని వేసుకుని తిరుగుతున్నాయి. బాగానే ఉంది, ఒప్పుకుంటాను. ఎడమ మడమ మాత్రం ఒప్పుకోలేదు.

మధ్యాహ్నానికి ఒక పచ్చిక బయలు వచ్చింది. కంచె మీద చెక్క మెట్లెక్కి అవతల దిగేసరికి పాతిక పెయ్యలు ఒకేసారి తలెత్తాయి. మా దేశపు పెయ్యలకు వేరే కాలక్షేపం లేదు, మనిషి కనిపిస్తే ఊరేగింపుగా వస్తాయి.

"పరుగెత్తకు. మామూలుగా నడువు," అంది థీరా.

నేను అటు తిరిగి, అరచెయ్యి నిటారుగా ఎత్తి నిలబడ్డాను. ఆ చెయ్యి ఎత్తితే పాల ట్యాంకర్లు ఆగాయి. పెయ్యలు ఆగలేదు. అన్నిటికంటే ముందున్నది, ముఖం మీద తెల్ల మచ్చది, ఆ చేతిని మణికట్టు దాకా నాకింది. నేను చెయ్యి తుడుచుకునేలోపల మరొకటి వెనకనుంచి వచ్చింది. జేబు దగ్గర చర్రుమంది.

తిరిగి చూసేసరికి సగం జట్లండ్ దాని నోట్లో ఉంది. నేను పట్టుకుని లాగాను. అదీ లాగింది. చివరికి నా చేతిలో గుర్తుల సూచిక మిగిలింది, దానికి సముద్రం దక్కింది.

"థీరా! పటం తినేసింది!"

థీరా గడ్డిలో చతికిలబడి, కడుపు పట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "పోనీలే," అంది కళ్ళు తుడుచుకుని. "నాకు దారి తెలుసు."

ఆ క్షణంలో స్టీరింగు చేతులు మారింది. నేను గమనించలేదు.

ఆ సాయంత్రం ఇరవై కిలోమీటర్లు నడిచి, నడకవాళ్ళ కోసం ఏటి ఒడ్డున కట్టిన మూడు గోడల చెక్క పాకలో పడ్డాము. నాలుగో గోడ ఎందుకు కట్టలేదని అడిగాను. ప్రకృతి కోసమట. ప్రకృతి దోమల రూపంలో తెల్లవార్లూ వచ్చింది.

శుక్రవారం పొద్దున్నే తాడు లాగుకుంటూ దాటే తెప్ప ఒకటి ఎక్కించింది థీరా. "ఇవతలి గట్టు బురద. అవతల దారి బాగుంటుంది," అంది. నేను తాడు లాగాను. తెప్ప అవతలికి వెళ్ళింది, నా టోపీ ఏట్లో పడింది.

టోపీ కొట్టుకుపోతూ ఉంటే చూశాను. మేము కుడికి తిరిగి నడుస్తున్నాము. టోపీ ఎడమకి పోతోంది.

"థీరా, నిన్న నీళ్ళు మనతో పాటే వచ్చాయి కదా?"

"వచ్చాయి."

"ఇవాళ ఎదురొస్తున్నాయేమిటి?"

ఆవిడ ఆగలేదు, తిరగలేదు. "నిన్న నువ్వు మెల్లగా నడిచావు, నీళ్ళు నిన్ను దాటుకుని పోయాయి. ఇవాళ నీ నడక ఊపందుకుంది. పాపం, నీళ్ళు వెనకబడుతున్నాయి."

నమ్మానా అంటే, నమ్మాను. పాతికేళ్ళలో నా నడకను మెచ్చుకున్న మొదటి మాట అది. ఛాతీ కొంచెం ముందుకు పెట్టి, ఇంకా వేగం పెంచాను. కాసేపు నిజంగానే నీళ్ళు ఓడిపోతున్నట్టు కనిపించాయి కూడా.

మధ్యాహ్నం వాన పట్టింది. కోటు తలముసుగు కళ్ళ మీదికి లాక్కుని, ఆవిడ మడమలు చూసుకుంటూ నడిచాను. ఒక వంతెన కిందనుంచి దూరాము. నిన్న పొద్దున వదిన మమ్మల్ని దింపిన వంతెనే అదని నాకు తట్టలేదు. ఏం చెయ్యను, వంతెనల్ని నేను పైనుంచే ఎరుగుదును.

సాయంకాలానికి వాన వెలిసింది. ఇంకో మూడు గోడల పాక. నా రెండు మడమల మీదా బొబ్బలు, చీలమండల చుట్టూ దురదగొండి దద్దుర్లు. థీరా నా ఎదురుగా కూర్చుని, నా పాదం ఒళ్ళో పెట్టుకుని, మేజోడు నెమ్మదిగా ఊడదీసి, బొబ్బకి పట్టీ వేసింది. ఎదురుగా ఏరు బంగారు రంగులో ఉంది. ఆవిడ జుట్టులో గడ్డి పరక ఒకటి చిక్కుకుంది. యాభై రెండేళ్ళ మనిషి, ఎంత హాయిగా ఉందో ఆ ముఖం. ఇంట్లో ఎదురెదురుగా కూర్చున్నప్పుడు ఈ ముఖం నేను చూసినట్టు లేదు. అడ్డంగా పేపరు ఉండేది కాబోలు.

"బాగుంది," అన్నాను.

ఆవిడ చటుక్కున తలెత్తింది. "ఏమిటి?"

"రొట్టె."

"ఓ," అంది థీరా. పట్టీ మీద వేలితో ఒకసారి నొక్కి, నా పాదం కింద పెట్టేసింది. తన రొట్టె ముక్క కూడా నా ముందు పెట్టి, ఏటి వైపు తిరిగింది. నన్ను ఆ పెయ్య పటంతో పాటు తినేసి ఉంటే బాగుండునని నాకు అనిపించింది.

శనివారం ఆరు కాకుండానే కుదిపి లేపింది. "లే లే. పక్కనే ఊరుంది. రొట్టెల కొట్టు తెరిచే వేళైంది."

వేడి రొట్టె అంటే నేను బొబ్బలు మరిచిపోతాను. కుంటుకుంటూ బయలుదేరాను. మనసు తేలిగ్గా ఉంది. ఈపాటికి హోల్ట్‌బీ వాళ్ళు హాయిగా నిద్రపోతూ ఉంటారు, నేను వాళ్ళకు నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్నాను. గట్టు ఎక్కగానే ఎదురుగా ఊరు కనిపించింది.

"ఆ చర్చి అచ్చం మన చర్చిలా ఉందే," అన్నాను.

"అన్ని చర్చిలూ అంతే. తెల్ల గోడలు, మెట్ల గోపురం."

"ఆ గాలిమర కూడా..."

"గాలిమరలు దేశమంతా ఉన్నాయి."

"అదుగో, ఆ తీగ మీద ఆరేసిన చారల చొక్కా. అలాంటిది నాకూ ఉంది."

"ఒకే కొట్లో కొని ఉంటారు. నడువు."

చెట్ల మధ్యనుంచి ఒక పెరట్లోకి దూరాము. ఇంకొకళ్ళ పెరట్లోంచి పోవడమేమిటని అడగబోతున్నాను. ఇంటి పక్కన నిలిపిన కారు వెనక భాగం కనిపించింది. ఇల్లు నేను గుర్తుపట్టలేదు, నిజం ఒప్పుకుంటాను. ఏటి వైపు నుంచి దాన్ని ఎప్పుడూ చూడలేదు. కానీ ఆ కారు నెంబరు నిద్రలో అడిగినా చెబుతాను.

"థీరా," అన్నాను. "ఇది నా కారు."

"అవును," అంది థీరా. "ఆ పక్కది నీ ఇల్లు."

అప్పుడే మోగింది ఎయ్‌నార్ బూర.

ఇంటి మలుపు తిరిగితే ఎనభై మంది. తలుపు చుట్టూ తోరణం, చేతుల్లో జెండాలు, తడి గడ్డిలో పొడుగాటి బల్లలు, బల్లల మీద పొగలు కక్కుతున్న రొట్టెలు. "వచ్చారు! పట్టుకొచ్చేసింది!" అని మా వదిన అరిచిన అరుపుకి గోపురం మీది కాకులు లేచాయి. నేను అలవాటు కొద్దీ వెనక్కి తిరిగాను. వెనక థీరా నిలబడి ఉంది. పరుగెత్తడానికి నాకు మడమలు కూడా లేవు.

"నీకు ఎప్పుడు తెలిసింది?" అన్నాను పళ్ళ మధ్యనుంచి, అందరికీ చెయ్యి ఊపుతూ.

"బీట్‌రూట్ కోసేటప్పుడే," అంది ఆవిడ, తనూ చెయ్యి ఊపుతూ. "తపాలా డబ్బా దాకా కారులో పోయే మనిషి మూడు రోజులు నడుస్తానంటే, డాక్టరుకి ఫోన్ చెయ్యనా, అక్కకి చెయ్యనా అని ఆలోచించాను. అక్కకి చేశాను."

"నువ్వు నన్ను గుండ్రంగా తిప్పావు!"

"ఏరు తిప్పింది. నీ పటం ఎలా మాయం చెయ్యాలా అని నేను రెండు రోజులు బెంగపడ్డాను. ఆ పెయ్య దేవతలా వచ్చింది."

కూర్చోబెట్టారు. తినిపించారు. చేదు సారా పోశారు, మళ్ళీ పోశారు. ఆ తరువాత మా వదిన చెంచా తీసుకుని గాజు గ్లాసు మీద టింగుమనిపించింది. వెనక బల్ల నుంచి ఎవడో, "క్లచ్ వదలండి మాస్టారూ!" అన్నాడు. ఎనభై మందీ ఘొల్లుమన్నారు.

లేచాను. థీరా తల వంచుకుని బల్ల మీది రొట్టె పొడిని వేలితో కుప్ప చేస్తోంది. ఈసారి నవ్వడం లేదు. అది చూసి నాకు భయం వేసింది, ప్రసంగం కన్నా ఎక్కువ భయం.

"ఈ మనిషి గురించి మీ అందరి ముందు నాలుగు మాటలు చెప్పడానికి భయపడి, నలభై కిలోమీటర్లు నడిచాను," అన్నాను. "మాటకి పది కిలోమీటర్లు. నిన్న సాయంత్రం ఒక మాట నోటిదాకా వచ్చింది. రొట్టె అనేశాను. నేను అనబోయింది రొట్టె గురించి కాదు థీరా. పాతికేళ్ళు నీ పక్కన కూర్చున్నాను, పక్కన నడవలేదు. నడిస్తే ఇలా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. చెప్పావులే, నువ్వు ప్రతి ఆదివారం చెప్పావు. వినలేదు. బాగుంది. నీతో నడవడం చాలా బాగుంది."

కూర్చున్నాను. ఎవరూ నవ్వలేదు. అర నిమిషం అయి ఉంటుందేమో. ఎయ్‌నార్ బూరలోకి ముక్కు చీదినంత పని చేశాడు. థీరా నా చెయ్యి బల్ల కింద పట్టుకుని, ఎముకలు కలిసేలా నొక్కింది. ఆవిడ కళ్ళ నిండా నీళ్ళున్నాయి. ఈ నాలుగు మాటలకేనా ఇన్నాళ్ళు పరుగెత్తాను అనుకున్నాను. నా మీద నాకే కాస్త గౌరవం కలుగుతోంది.

అప్పుడు థీరా కళ్ళు తుడుచుకుని లేచింది. "చివరి వాక్యం అందరూ విన్నారా?"

"విన్నాం!" అన్నారు ఎనభై మంది.

"అక్కా, రాసుకున్నావా?"

మా వదిన ఎప్రాన్ జేబులోంచి నడక సంఘం పుస్తకం తీసి, గొంతు సవరించుకుంది. "మౌరిట్స్. నలభై మూడో సభ్యుడు. ప్రతి మంగళవారం, వానొచ్చినా, వరదొచ్చినా." పక్క ఊరి వాళ్ళు కూడా విని ఉంటారు. నా సంతకం అక్కర్లేదట, సాక్షులు సరిపోయారట. జనం లేచి మూడుసార్లు జేజేలు కొట్టారు.

ఇప్పుడు సెప్టెంబరు. పన్నెండు మంగళవారాలు అయ్యాయి. మొన్నటి వారం కుండపోత. ఏటి గట్టున వరసలో నడుస్తున్నాము, రోడ్డు దగ్గరికి వచ్చిన చోట పశువుల డాక్టరమ్మ కారు ఆపి, అద్దం దించి, "మాస్టారూ, తడిసి ముద్దయ్యారు, ఎక్కండి, ఇంటి దగ్గర దింపేస్తాను," అంది. లోపల హీటరు వేసి ఉంది. వెచ్చటి గాలి ముఖానికి తగిలింది. నేను ఒక కాలు లోపల పెట్టేశాను.

"ఎక్కు, ఎక్కు," అంది థీరా వెనకనుంచి, చాలా తియ్యగా. "మొన్న సంఘంలో కొత్త నిబంధన పెట్టాం. మధ్యలో ఎగ్గొట్టినవాళ్ళు వచ్చే వారం అందరి ముందూ ప్రసంగం చెయ్యాలి."

"అరగంట!" అని పొడిగించింది మా వదిన. డాక్టరమ్మ కారులో కుక్క నిద్రలేచింది.

నేను కాలు బయటికి తీసి, కారు తలుపు మర్యాదగా వేసి, వరసలో నా చోట నిలబడ్డాను. ముందు మా ఆవిడ, వెనక మా వదిన. కుడి పక్క ఏరు, ఎడమ పక్క దురదగొండి.